లోపల వదిలిన గుడ్డ

పోయిన బుధవారం పొద్దున పదకొండు గంటలప్పుడు మా కుట్టుపనివాళ్ళ ఫోన్ గ్రూపులోకి ఒక వాయిస్ వచ్చింది. గ్రూపును నడిపే పెద్దమ్మ ఫోన్ నుంచే వచ్చింది. నేను ఒక జాకెట్టుకు హుక్కులు కుడుతూ ఎడమచేత్తో నొక్కాను. కాసేపు ఏమీ వినిపించలేదు. మాట మొదలు కాకముందే నాకు తెలిసిపోయింది. కుట్టుమిషను చప్పుడు లేకుండా ఆమె ఫోన్ నుంచి వాయిస్ రావడం ఇన్నేళ్ళలో అదే మొదటిసారి.

మాట్లాడింది ఆమె కోడలు. "మా యత్త నిన్న సందకాడ పోయిందక్కా. ఏమన్నా అయితే ఈ గ్రూపులో చెప్పమని ముందే చెప్పిపెట్టింది" అంది.

ఆమె వాయిస్ ఎప్పుడూ ఒకే రకంగా మొదలయ్యేది. ముందు మిషను టకటక. ఆ తర్వాత మిషను ఆగేది. తర్వాత నోట్లోంచి గుండుసూదులు తీసి రేకు డబ్బాలో వేసిన చప్పుడు. ఆ తర్వాతే మాట. ఒక్కోసారి సూదులు తీయడం మరిచిపోయి పెదాల మధ్య పెట్టుకునే మాట్లాడేది. అప్పుడు మొదటి రెండు ముక్కలు ఎవరికీ అర్థమయ్యేవి కావు. మేమూ అడిగేవాళ్ళం కాదు. మొదటి రెండు ముక్కలు ఎప్పుడూ "ఏమ్మా, తిన్యారా" అనే.

నా ఫోన్‌లో ఆమె పేరు "కోసిగి" అని ఉంది. అసలు పేరు తర్వాత తెలిసింది గానీ ఇక్కడ రాయను, రాస్తే ఆమె ఒప్పుకోదు. మా గ్రూపులో పేర్లు వద్దన్నది ఆమే. "పేరు చెప్తే ఇంటోళ్ళెవరు, కులమేంది, మొగుడేం జేస్తాడు అని మాట యాడికో పోతాది. ఊరు చెప్పండి, చాలు" అనేసింది. అందుకని ఆమె కోసిగి, నేను ఎర్రగుంట్ల. ఇంకా ఆదోని, పత్తికొండ, జమ్మలమడుగు ఉన్నారు. కడప నుంచి ముగ్గురు చేరేసరికి కడప పెద్దది, కడప నడిపిది, కడప చిన్నది అయ్యారు. వంద మందికి కొంచెం తక్కువ, అందరం జాకెట్లు కుట్టేవాళ్ళమే, అందరం ఎప్పుడో ఒకప్పుడు ఫోన్‌లో వీడియోలు పెట్టి తిట్లు తిన్నవాళ్ళమే.

నా తిట్ల సంగతి చెప్పకపోతే ఆమె సంగతి అర్థం కాదు. నాకు ఇరవై ఆరో ఏట చేతుల మీద బొల్లి మచ్చలు మొదలయ్యాయి. వేళ్ళ కొసల నుంచి మణికట్టు దాకా పాకాయి. డాక్టరు నన్ను కూర్చోబెట్టి, ఇది అంటుకునేది కాదమ్మా, నొప్పి లేదు, భయం లేదు అన్నాడు. ఆయన నాకు చెప్పాడు, బాగానే ఉంది. ఊరికంతా ఎవరు చెప్పాలి?

మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో లోడింగు పనికి పోతాడు. నేను ముందుగదిలో మిషను పెట్టుకుని కుడతాను. కత్తిరించడం నేర్పిస్తూ వీడియోలు పెట్టడం మొదలుపెట్టినప్పుడు చూసేది ఇరవై మంది, అందులో సగం మా బంధువులే. ఒకసారి మెడ డిజైను వీడియో ఒకటి ఎందుకో ఊళ్ళు దాటిపోయింది. నేను సంబరపడే లోపలే కామెంట్లు వచ్చాయి. ఒక్కరు కూడా మెడ గురించి రాయలేదు. అందరూ చేతుల గురించే. "ఈమె కుట్టింది వేసుకుంటే మనకీ వస్తది" అని ఒకడు రాశాడు. దాని కింద పగలబడి నవ్వే బొమ్మలు వరసగా పడ్డాయి. ఆ వారంలోనే ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి, కుట్టని గుడ్డలు వెనక్కి తీసుకుపోయారు. అత్తకు బాగలేదు, తర్వాత ఇస్తామన్నారు. ఇద్దరి అత్తలకూ ఒకే వారం బాగలేకపోయింది.

వీడియో తీసేద్దామని ఫోన్ తెరిస్తే, ప్రతి తిట్టు కిందా ఒకరే జవాబు పెట్టి ఉన్నారు. అందరికీ ఒకే మాట. "యాడ పట్టింది నాయనా?" ఒకడికి అది చాలక, "చంక కాడనా, మెడ కాడనా?" అని కూడా ఉంది. ఎవరో నన్ను కొత్తరకంగా ఎగతాళి చేస్తున్నారనుకుని ఇంకా ఏడ్చాను.

మర్నాడు ఫోన్ వచ్చింది. ఆర్డర్ల కోసం వీడియో కింద నా నంబరు ఉండేది.

"ఎర్రగుంట్లనా? కోసిగి నుంచి మాట్లాడ్తాండా. ఆ కామెంట్లు పెట్టింది నేనే. నాకు ఫోన్‌లో రాసేకి రాదులే, మైకు నొక్కి చెప్తే అదే రాసుకుంటాది. నేనూ జాకెట్లు కుడతా పాపా."

"ఎందుకు పెద్దమ్మా వాళ్ళతో పెట్టుకుంటాండావు? జవాబు ఇస్తే ఇంగా రెచ్చిపోతారు."

"పోనీ. అంగడికి వచ్చి జాకెట్టు మొగాన కొట్టేటోళ్ళు లేరా నీకి? వాళ్ళను ఏమంటావు?"

"యాడ బిగుతుగా పట్టేసిందమ్మా అని అడుగుతా."

"ఇదీ అంతే. యాడనో పట్టింటాది వాళ్ళకి. మన కాడ కాదు, వాళ్ళ బతుకుల కాడ. అడిగితే ఒకరిద్దరన్నా చెప్తారు."

"చెప్పకపోతే?"

"కొలతలు ఇయ్యనోళ్ళకి మనం ఏం కుడతాం? ఇడ్సిపెట్టు."

ఇంత అమాయకంగా మాట్లాడే మనిషి ఈ లోకంలో ఎట్లా నెగ్గుకొస్తోందా అనుకున్నాను. మూడో రోజున, నవ్వే బొమ్మలు తెచ్చుకున్న ఆ మహానుభావుడే ఆమెకు జవాబు రాశాడు. బళ్ళారి దిక్కు లారీ తోలుతాడట. "ఏం లేదు అవ్వా. నాలుగు రోజులైంది ఇంటికి పోక. ఊరికే పెట్టినా" అని. దాని కింద ఆమె, "అన్నం తిన్యావా?" అని అడిగింది. అతను తిన్నానన్నాడు. కాసేపటికి చూస్తే ఆ కామెంటు తీసేసి ఉంది. క్షమాపణేమీ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.

ఆ తర్వాత నన్ను గ్రూపులో చేర్చింది. అక్కడ ప్రతి ఆదివారం భోజనాలయ్యాక సంత జరిగేది. తిట్ల సంత అని ఆమే పేరు పెట్టింది. ఆ వారంలో ఎవరికి పడిన తిట్టు వాళ్ళు తెచ్చి గ్రూపులో వెయ్యాలి. ఆమె వాటిని ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ చదివేది. పక్కన కూర్చున్నవాళ్ళకు కొలతలు చెప్తున్నట్టు చదివేది. నడుము ముప్పై నాలుగు, భుజం పద్నాలుగు అన్నట్టే, "ఆదోనికి. నీ గొంతు వింటే పాలు విరిగిపోతాయి. ఇంగ? పత్తికొండకు. ముందు నువ్వు సన్నబడి తర్వాత జాకెట్లు కుట్టు. ఇంగ?" అనేది. రాత్రంతా ఏడిపించిన మాట ఆమె నోట్లో పడేసరికి ఉత్త కొలత అయిపోయేది. మేం నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకునేవాళ్ళం.

నవ్వులయ్యాక ఆమె ఒక్కొక్కదానికీ అడిగేది. "ఇది కుట్టు మాటనా, మనిషి మాటనా?"

మనిషి మాట అయితే పక్కన పెట్టడమే. కుట్టు మాట అయితే మాత్రం ఎంత మోటుగా ఉన్నా వదిలేది కాదు. జమ్మలమడుగును ఒకడు బూతుతో మొదలుపెట్టి, మెడ వంకర పోయిందని రాశాడు. చూస్తే నిజంగానే వంకర. ఆ ఆదివారం అందరం కలిసి జమ్మలమడుగు చేత మెడ విప్పించి మళ్ళీ కుట్టించాం. ఆమె ఆ బూతులాయనకు, "నువ్వు చెప్పింది నిజమే నాయనా, విప్పి కుట్టించినాం. ముందరున్న మాట ఒకటి కత్తిరించుకో" అని జవాబు పెట్టింది.

ఇదంతా వింటే మహా ఓర్పుగల మనిషి అనుకుంటారు. అదేం కాదు. గ్రూపులో పొద్దున్నే పువ్వుల బొమ్మలు పంపేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళు మంట. దణ్ణం పెట్టే చేతుల బొమ్మ పంపితే, "నీకి చేతులు లేవా, బొమ్మ యాల?" అనేది. బొటనవేలి బొమ్మ మీద మరీ కోపం. "సూది పట్టుకునే వేలు అది. పని ఇడ్సిపెట్టి అట్ల పైకెత్తి చూపిస్తే ఏమొస్తాది?" అనేది. జాకెట్టు ముందుభాగం గుడ్డను అడ్డంగా వేసి కత్తిరించాలా, క్రాసుగా కత్తిరించాలా అని ఆదోనితో మూడు వారాలు పోట్లాడింది. మూడు వారాలూ మా సంత మూతపడింది. చివరికి ఆదోనిదే సరి అని తేలినా ఒప్పుకోలేదు. "మీ ఊర్లో గుడ్డ వేరేమో" అంది.

ఆమెతో మా అందరికీ ఉన్న పెద్ద తగవు ఇంకొకటుంది. ఆమె జాకెట్టు లోపల, కుట్టు పక్కన, రెండు వేళ్ళ వెడల్పున గుడ్డ వదిలేది. ఈ కాలంలో అంత ఎవరూ వదలరు. లోపల దళసరిగా తగులుతుందని తిరగబెట్టేవాళ్ళే ఎక్కువ. ఒకసారి ఆ మాటే అన్నాను.

"మీ ఊర్లో మనుషులు ఉన్న చోటనే ఉంటారు పాపా. మా ఊర్లో సగం మంది మిరపకాయలు కోసేకి పోతారు. పోయేటప్పుడు ఒక కొలత, వచ్చేటప్పుడు ఒక కొలత. వచ్చినప్పుడు చూడాల వాళ్ళను, భుజం మీద జాకెట్టు నిలబడదు. లోపలికి పట్టి కుడతా. మల్ల రెండు నెలలు ఇంటికాడ తింటే పట్టేస్తాది. లోపల గుడ్డ ఉంటే విప్పి వదులు చేస్తా. లేకుంటే చింపేదే గదా? మనిషి ఒకే మాదిరి ఉండదు."

ఆ బళ్ళారి లారీ ఆయన గురించి అడిగినా ఇదే చెప్పింది. "వానికీ కొంచెం గుడ్డ వదలాల."

ఇంత చెప్పేవాళ్ళు ఉన్నా నేను బుద్ధిగా ఉన్నానా అంటే, లేను. కడపకు పోయినప్పుడు ఒక అంగట్లో ఒంటిరంగు క్రీము కొనుక్కొచ్చాను. వీడియో తీసేముందు మోచేతుల దాకా పూసుకుంటే మచ్చలు మాయం. ఈ సంగతి గ్రూపులో ఎవరికీ చెప్పలేదు. మా వీధి చివర కిరాణా అంగడి నడిపే శెట్టెమ్మ, కూతురి నిశ్చితార్థానికని మీగడరంగు పట్టుగుడ్డ ఇచ్చింది. ఆ జాకెట్టు కుడుతూ వీడియో తీశాను. ఎర్రగుంట్ల ఎండ, తలుపులు మూసిన గది. ఫ్యాను చప్పుడు వీడియోలో పడుతుందని ఫ్యాను కూడా ఆపేశాను.

ఆ వీడియో చాలా బాగా వచ్చింది. ఒక్క తిట్టు రాలేదు. "చేతులు బాగైనాయా అక్కా, సంతోషం" అని ఒకామె రాసింది కూడా. నేను మూడుసార్లు చదువుకున్నాను. మర్నాడు పొద్దున కిటికీ దగ్గర జాకెట్టు విప్పి చూస్తే వీపు మీదా, కుడివైపు చేతి మీదా గోధుమరంగు వేలిముద్రలు. చెమటకు క్రీము కారి గుడ్డకు పట్టింది. భయంతో ఒక మూల సబ్బునీళ్ళు తగిలించాను. మరక పెద్దదైంది.

నిశ్చితార్థం శుక్రవారం. ఇది మంగళవారం. ఆ మరక సంగతి వీధిలో తెలిస్తే ఏమంటారో నాకు ముందే తెలుసు. క్రీము అని ఎవరూ అనరు. ఆమె చేతిదే అంటుకుందంటారు. ఇక ఆ వీధిలో నాకు ఒక్క గుడ్డ రాదు. ఏడుస్తూ ఆమెకు వాయిస్ పంపాను. ఏం చెప్పానో నాకే గుర్తులేదు.

జవాబు వెంటనే వచ్చింది. మిషను ఆగింది, సూదులు డబ్బాలో పడ్డాయి. "ఇంగ నీళ్ళు తగలనీయద్దు. మడత పెట్టద్దు. నేను వస్తాండా."

కోసిగి, ఎర్రగుంట్ల ఒకే రైలు దారి మీద ఉన్నాయని అంతవరకు నేను ఆలోచించనే లేదు. బుధవారం పొద్దున స్టేషనుకు పోయాను. జనరల్ పెట్టెలోంచి వైరుబుట్ట పట్టుకుని ఒక పొట్టి మనిషి దిగింది. ఆ గొంతుకు నేను ఊహించుకున్న మనిషి ఇంకా పెద్దది, ఇంకా లావు. నా దగ్గరికి వచ్చి పలకరించకుండానే నా జాకెట్టు భుజం కుట్టు పట్టుకుని లాగి చూసింది.

"ఎవరు కుట్టినారు?"

"నేనే పెద్దమ్మా."

"మెడ కాడ లాగుతాండాది." ఆ తర్వాత, "చేతులు చూపి" అంది.

నేను కొంగు కింద దాచుకున్న చేతులు బయటికి తీశాను. నా కుడిచెయ్యి పట్టుకుని గుడ్డ చూసినట్టు ఇటు తిప్పి, అటు తిప్పి, రెండు పక్కలా చూసింది. మచ్చల గురించి ఏమంటుందో అని ఎదురుచూస్తున్నాను నేను. ఆమె నా బొటనవేలు నొక్కి చూసి, "ఏం పాపా, ఇంత మెత్తగా ఉండాయి? పని తక్కువ చేస్తాండావా?" అంది. స్టేషన్లో అందరూ చూస్తుండగా నేను నవ్వాను.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని నేరుగా జాకెట్టు ముందు కూర్చుంది. బుట్టలోంచి పౌడరు డబ్బా తీసి మరకల మీద దట్టంగా చల్లింది. పైన కాగితం పరిచి, దాని మీద నా పెద్ద కత్తెర బరువు పెట్టింది. "ఇది జిడ్డు పీల్చేలోపల ఆ శెట్టెమ్మకు ఫోన్ చెయ్యి" అంది.

"సరిచేసినాక చెప్దాం పెద్దమ్మా."

"సరికాకుంటే? దుడ్లు ఆమెవి, గుడ్డ ఆమెది. ముందు ఆమెకు తెలియాల."

శెట్టెమ్మ పది నిమిషాల్లో వచ్చింది. గడప దగ్గరే నిలబడి జాకెట్టు చూసింది. "ఏంది ఇది?" అంది. మిషను నూనె పడిందని చెప్దామని నోరు తెరిచాను. కోసిగి నా వైపు చూడను కూడా చూడలేదు. మూలకు జరిగి, నా గుడ్డపేలికల సంచీ వెతుక్కుంటోంది. ఆమె చూసి ఉంటే అబద్ధం చెప్పగలిగేదాన్నేమో.

"చేతులకు క్రీము పూసుకున్నా శెట్టెమ్మా. వీడియోలో మచ్చలు అగుపడకూడదని. అది అంటింది."

శెట్టెమ్మ గడప దాటి లోపలికొచ్చి నా చేతుల వైపు చూసింది.

"నేనేమన్నా అడిగినానా నిన్ను, చేతులు దాచుకోమని?" అంది. "రెండేండ్ల నుంచి ఆ చేతులకే గదా నేను గుడ్డలు ఇస్తాండేది. నాకు కండ్లు లేకనా?"

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. శెట్టెమ్మ ఏడవనివ్వలేదు. "అదంతా సరే, శుక్రవారానికి నాకు జాకెట్టు గావాల. మరక అగుపడితే ఊరుకోను" అని అక్కడే స్టూలు మీద కూర్చుంది. సంచీలోంచి అదే పట్టుగుడ్డ ముక్కలు రెండు దొరికాయి. కోసిగి వాటిని ఎత్తి చూపించి, "ఈసారి దొరికినాయి పాపా. లోపల గుడ్డ వదలవు, పేలికలన్నా దాచిపెట్టుకో" అంది. మధ్యాహ్నానికి మూడుసార్లు పౌడరు మార్చి, పాత బ్రష్షుతో దులిపితే వీపు మీది మరక పోయింది. చేతి మీది మరక పోలేదు. ఆ చెయ్యి విప్పేసి, రెండు ముక్కలూ కలిపి, అతుకు చంక కిందికి వచ్చేట్టు కొత్తది కత్తిరించింది. కుట్టు మాత్రం నా చేతే కుట్టించింది. శెట్టెమ్మ చూస్తూ ఉంది. క్రీము లేని చేతులతో, పక్కన ఇద్దరు ఆడవాళ్ళు చూస్తుండగా నేను ఆ పట్టుగుడ్డ కుట్టాను.

సాయంత్రం రైలు కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చున్నప్పుడు అడిగాను, ఒక్క జాకెట్టు కోసం ఇంత దూరం ఎందుకొచ్చావని. వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, "మరకయితే నా పౌడరుతో పోతాదని వచ్చినా. నీ చేతివి మరకలు కావని నీకి ఎవరు చెప్తారు?" అంది.

రైలొచ్చింది. మెట్టెక్కి వెనక్కి తిరిగింది.

"ఆ చేతులతోనే ఒకసారి వీడియో పెట్టు పాపా. నాకోసం కాదు. యాడనో ఇంగో పిల్ల ఉంటాది, కొంగు కింద పెట్టుకోని. అది చూస్తాది."

పెడతాను అన్నాను. పెట్టలేదు.

క్రీము పారేశాను, అది నిజం. కానీ చేతులు చూపించే ధైర్యం రాలేదు. ఆ తర్వాత రెండేళ్ళు నేను పెట్టిన వీడియోల్లో మిషను కనపడుతుంది, గుడ్డ కనపడుతుంది, కాగితం మీద గీసిన బొమ్మలు కనపడతాయి, చేతులుండవు. చేతులు కనపడకుండా కుట్టుపని నేర్పించడం ఎంత తిప్పలో చేసినవాళ్ళకే తెలుసు. చూసేవాళ్ళు తగ్గిపోయారు. తిట్లు కూడా తగ్గాయి, అదొక్కటే లాభం. ఆమె మళ్ళీ ఎప్పుడూ ఒత్తిడి చేయలేదు. ఆదివారం సంత చివర మాత్రం, "ఎర్రగుంట్ల, ఈ వారం ఏమన్నా తెచ్చినావా?" అని అడిగేది.

"ఏం లేవు పెద్దమ్మా."

"సంతకు ఊరికే వచ్చినావా" అని నవ్వేది. ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, నాకు కోపమన్నా వచ్చేది.

పోయిన బుధవారం ఆ కోడలి వాయిస్ తర్వాత గ్రూపులో ఒక్కరూ దణ్ణం బొమ్మ పెట్టలేదు. ఎవరికి తోచింది వాళ్ళు మాట్లాడి పంపారు. ఆదోని మాట్లాడలేక, మిషను చప్పుడు ఒక్కటే పంపింది. అది విన్నాక నేను మిషను మీద తల పెట్టుకుని ఏడ్చాను. మర్నాడు నేను, కడప నడిపిది, జమ్మలమడుగు కలిసి రైలెక్కాం. ఇన్నేళ్ళలో మేం ముగ్గురం కలుసుకోవడం అదే మొదటిసారి. దారిపొడవునా ఆమెలాగా ఒకరి జాకెట్టు కుట్టు ఒకరం లాగి చూసుకున్నాం.

ఆమె ఇల్లు చిన్నది. మిషను కన్నా పెద్దగా కనిపించింది గోడకున్న బండ అరుగు. దాని మీద వరసగా మడిచిపెట్టిన జాకెట్లు, ఒక్కొక్కదానికీ దారంతో కట్టిన చీటీ. కుట్టించుకుని, తీసుకోకుండానే పనికి పోయినవాళ్ళవి. "ఎవరివీ ఎవరికీ ఇయ్యలేదక్కా. వచ్చినప్పుడు ఇస్తా అని పెట్టింది. నేనూ అట్లే ఇస్తా" అంది కోడలు. మిషను పక్కన కత్తిరించి ఉంచిన గుడ్డ ఒకటుంది, నేరేడుపండు రంగు నూలుది. కుట్టలేదు. దానికి గుచ్చిన కాగితం మీద వంకర అక్షరాలతో కొలతలు, కింద ఒక ముక్క. "వచ్చేసరికి చిక్కింటాది. రెండు వేళ్ళు వదలాల."

ఆ గుడ్డ నేను తీసుకుపోతానన్నాను. కుట్టి పంపిస్తానని మాటిచ్చాను. కోడలు పాత వార్తాపత్రికలో చుట్టి ఇచ్చింది.

నిన్న ఆదివారం పొద్దున ఫోన్‌ను పౌడరు డబ్బాకు ఆనించి పెట్టాను. ఆ మరక రోజు ఆమె మా ఇంట్లో మరిచిపోయిన డబ్బానే. కిటికీ తెరిచాను. ఫ్యాను ఆపలేదు, చప్పుడు పడితే పడనీ అనుకున్నాను. చేతులు కడుక్కుని తుడుచుకుని గుడ్డ మీద పెట్టాను. ఫోన్ తెర మీద నా చేతులు నాకే కొత్తగా కనిపించాయి. "ఇది నేను కత్తిరించింది కాదు. కోసిగిలో ఒకామె కత్తిరించింది. నేను కుడుతున్నా. లోపల గుడ్డ ఎంత వదలాలో, ఎందుకు వదలాలో ఈరోజు చెప్తాను" అని మొదలుపెట్టాను. ఫ్యాను చప్పుడు పడింది. మళ్ళీ తీయలేదు, అట్లాగే పెట్టేశాను.

మొదటి కామెంటు, అంత గుడ్డ వదిలితే చంక కింద ఉబ్బుగా ఉండదా అక్కా అని. కుట్టు మాట. అర్ధగంట కూర్చుని, లోపలి గుడ్డకు కత్తెర గాట్లు ఎక్కడ పెట్టాలో వివరంగా జవాబు రాశాను. రెండోది చేతుల గురించి. ఆమె లేదు కాబట్టి ఈసారి నేనే రాశాను. "యాడ పట్టింది నాయనా?" ఇంకా జవాబు రాలేదు. భోజనాలయ్యాక దాన్ని సంతకు తీసుకుపోయాను. కడప పెద్దది ఆమెలాగే కొలతలు చెప్పినట్టు చదవబోయి, మధ్యలో ఏడ్చి, ముక్కు చీది, మళ్ళీ మొదటినుంచి చదివింది. అందరం నవ్వాం.

సాయంత్రం మిషను గుడ్డతో తుడుస్తుంటే ఫోన్ మోగింది. తెలియని నంబరు నుంచి ఒక ఫోటో. మాటల్లేవు. కొంగు అంచు పక్కకు జరిపి ఒక చెయ్యి, ఆ చేతిలో గుర్తులు పెట్టే సుద్దముక్క. వేళ్ళ కొసల నుంచి తెల్లమచ్చలు, నావాటికన్నా చిన్నవి, ఇంకా మణికట్టు దాకా రాలేదు.

చాలాసేపు ఆ ఫోటో పెద్దది చేసి చూశాను. ఎవరు నువ్వు, ఎవరి పిల్లవు, ఎప్పటి నుంచి, ఎవరన్నా ఏమన్నా అన్నారా, ఎన్ని అడగాలనిపించిందో. పేరు కూడా అడగలేదు. మైకు నొక్కి ఒక్కటే అడిగాను.

"ఏ ఊరు పాపా?"